టి.బి.లో పోయిన మనిషి

కోస్తా నుంచి వలస వచ్చిన రైతుల హచ్చొళ్ళి క్యాంపు బడిలో పంతులుగారు శివపార్వతిని బల్ల మీది నుంచి లేపి గుమ్మం బయట కూర్చోబెట్టిన చోట పోయిన వారం మనం ఆ పిల్లను వదిలి వచ్చాం. పిల్ల దగ్గు తమ బిడ్డలకు అంటుకుంటుందని క్యాంపులో తల్లులంతా పట్టుబట్టారు. పెద్దమనిషి సీతారామారావు ఒక దారి చెప్పాడు. బళ్ళారి వెళ్ళి, ఇది అంటురోగం కాదని డాక్టరు చేత చీటీ రాయించుకు వస్తే పిల్ల మళ్ళీ బల్ల ఎక్కవచ్చు. రాయించలేకపోతే క్యాంపులో ఉంచడానికి వీల్లేదు. కాలవ నీళ్ళ వంతు వచ్చి తండ్రి చెన్నకేశవరావు మడి వదిలి కదలలేకపోయాడు. తల్లి మాణిక్యం, నాయనమ్మ సరోజినీదేవి పిల్లను తీసుకుని పొద్దున్నే బస్సెక్కారు.

ముగ్గురూ ఒకే సీటులో ఒరుసుకుని కూర్చున్నారు.

సరోజినీదేవి గొంతులో ఒక మాట ముల్లులా దిగి ఉంది. మింగుదామంటే దిగదు, కక్కుదామంటే రాదు. దివి తాలూకాలో ఇల్లు మూసి, భర్త పోయిన దుఃఖంతో కొడుకు దగ్గరికి వచ్చి ఆవిడకు ఇంకా ఏడాది తిరగలేదు. ఇక్కడి నల్లరేగడి కొత్త, ఇక్కడి మాట కొత్త. పెరుగు తెచ్చే పంపమ్మ ఒక్కర్తే వాకిట్లో చతికిలబడి ఆవిడతో నాలుగు మాటలు చెప్పేది. వారం కిందట ఆ పంపమ్మే ముంత దించుతూ అంది:

"నీవు శివరామకృష్ణయ్య మేస్త్రీకి చెల్లెలంట గదమ్మా. మా ఇంటాయన ఆయన కిందనే రాళ్ళు మోసినాడు. దేవుడట్లాంటి మనిషి. ఏం చేస్తాం, టి.బి.లోనే పాయ పాపం."

సరోజినీదేవి ఇంకేమీ అడగకుండా గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆనకట్ట పనిలో పరంజా మీది నుంచి కాలు జారి రాళ్ళ మీద పడి పోయాడని కదా తనకు కబురు వచ్చింది? అంత దూరం నుంచి తాను వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. అన్న ముఖం తాను చూడలేదు. ఎవరు చెప్పింది నమ్మింది? వదిన చెప్పింది.

ఒక నూలుపోగు లాగితే చీరంతా వూడి వచ్చినట్టు, ఆ రోజు నుంచి ఒక్కొక్కటే ఊడి వస్తోంది. అన్న కూతురు మాణిక్యమే కోడలుగా రావాలని తానే పట్టుబట్టి మేనరికం చేసుకుంది. అన్న పోయిన ఏడాదే పెళ్ళి. వదిన ఒక్క బెట్టు చేయకుండా ఒప్పుకుంది. అప్పుడది మంచితనం అనుకుంది. ఇప్పుడా మంచితనానికి అర్థం మారింది. మాణిక్యం పిల్ల గ్లాసు వేరుగా పెడుతుంది. పిల్ల ముక్కు తుడిచిన గుడ్డలు వేరే కుండలో ఉడకేస్తుంది. ఏమీ తెలియని మనిషి అంత జాగ్రత్త ఎందుకు పడుతుంది? పిల్ల పుట్టిన పూట నుంచి జలుబే. పురిటి మంచం మీదే ముక్కు బిగేసి, పాలు తాగలేక ఎగశ్వాస పట్టింది. "పసిదానికి జలుబు చేయదా అత్తయ్యా," అంది మాణిక్యం అప్పుడు. ఎనిమిదేళ్ళు వచ్చినా ఆ జలుబు ఒక్క పూట విడవలేదు. చెవి కారుతుంది. తెల్లవారగానే బొక్కెనలో నీళ్ళు తోడినట్టు గుండెల్లోంచి కళ్ళె తోడిపోస్తుంది.

తండ్రి నుంచి కూతురికి, కూతురి నుంచి పిల్లకు. దాచి తన ఇంటికి పంపారు.

డాక్టరు ముందు తేల్చుకోవాలని ఆవిడ నిశ్చయించుకుంది. టి.బి. అని తేలితే పిల్లను శానిటోరియంలో పెట్టించాలి. మాణిక్యాన్ని దాని తల్లి దగ్గరికి పంపాలి. కొడుకైనా మిగలాలి కదా.

చెవి ముక్కు గొంతు డాక్టరు విరూపాక్షయ్యగారి ఆసుపత్రి కౌల్ బజారులో, ఒక బట్టల కొట్టు మేడ మీద ఉంది. మెట్లెక్కగానే కాంపౌండరు ఎర్రిస్వామి ఎదురొచ్చాడు. ఎక్స్‌రే తీసేది కూడా అతనే.

"యావూరమ్మా నిమ్దు?" అన్నాడు.

మాణిక్యం కన్నడంలో జవాబు చెప్పింది. తండ్రి పనిచేసిన చోటే పెరిగింది, ఆ భాష ఆమెకు అలవాటే. అతను మరేదో అన్నాడు. మాణిక్యం నవ్వింది. ఇంటి దగ్గర నవ్వని మనిషి ఇక్కడ నవ్వడం సరోజినీదేవి గమనించింది.

విరూపాక్షయ్యగారు నెరిసిన మీసాల మనిషి. నుదుటికి గుండ్రటి అద్దం కట్టుకుని, పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టుకున్నాడు. చెవిలో దూది వత్తి తీయగానే వచ్చిన వాసనకు సరోజినీదేవి ముఖం తిప్పుకుంది. డాక్టరు తిప్పుకోలేదు.

"చెవిలో ఏం పోస్తాండారు?"

"వెల్లుల్లి వేసి కాచిన నూనె," అంది మాణిక్యం.

"ఇంగ పోయొద్దు. తప్పెటకి చిల్లి పడినట్ల కర్ణభేరికి చిల్లి పడిండాది. రెండు చెవులకూ." ముక్కులోకి దీపం పెట్టి చూశాడు. "ద్రాక్షపండ్లట్ల కండలు పెరిగినాయి. ఇది ఇయ్యాల్టి జలుబు కాదు."

తర్వాత ఆయన లేచి పిల్ల వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

"పాపా, జిలేబి తింటావా?"

పిల్ల గోడ మీది కాలెండరు చూస్తూ కూర్చుంది. ఆయన మళ్ళీ అడిగాడు. అది కాళ్ళూపుకుంటూనే ఉంది. ముందుకొచ్చి, ముఖంలో ముఖం పెట్టి, అదే గొంతుతో అడిగాడు.

"ఎన్ని?" అంది శివపార్వతి.

డాక్టరు నవ్వాడు. "ఈ బిడ్డ మొద్దు కాదమ్మా. మన పెదవులు చూసి మాట పట్టుకుంటాండాది. అయ్యవారు బోర్డు తట్టు తిరిగి పాఠం చెప్తే దీనికి ఏం తెలుస్తాది?"

పిలిచినా పలకదు, మొండిఘటం అని తాను ఎన్నిసార్లు అందో సరోజినీదేవికి గుర్తొచ్చింది. గుర్తొచ్చినదాన్ని పక్కకు నెట్టింది. చెవుడు వేరు, దగ్గు వేరు. తాము వచ్చింది దగ్గు తేల్చుకోవడానికి.

వీపు మీద గొట్టం పెట్టి విన్న డాక్టరు నవ్వడం మానేశాడు. "గుండెకు ఎక్స్‌రే తీయాల," అని ఎర్రిస్వామిని పిలిచాడు.

పిల్లా, తల్లీ, ఎర్రిస్వామీ చీకటి గదిలోకి వెళ్ళారు. సరోజినీదేవిని బల్ల మీదే కూర్చోమన్నారు. తలుపు మూశారు. లోపల కన్నడంలో గుసగుసలు. ఆపైన మాణిక్యం నవ్వు. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ గుసగుసలు. అంతసేపు ఎందుకు? ఏ ఊరని అడిగినవాడు, ఎవరి కూతురివని కూడా అడిగి ఉంటాడు. ఈ ప్రాంతంలో మేస్త్రీ శివరామకృష్ణయ్యను ఎరగనివాళ్ళు లేరని పంపమ్మ అననే అంది. ఎరిగినవాడి కూతురికి ఒక చిన్న సాయం చేయడం ఎంతసేపు?

ఎర్రిస్వామి తడి ఆరని ఫిల్ము రెండు వేళ్ళతో పట్టుకు వచ్చి డాక్టరు చేతికిచ్చాడు. ఆయన కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు. నొసలు ముడిచాడు. తిప్పి చూశాడు.

"ఏమప్పా, తిరగేసి ఇచ్చినావే?"

"లేదు సార్. మొదులు తీసింది చెడిపాయ, ఇది రెండోది. అదీ ఇట్లే ఉండె."

"ఇట్లే ఉంటే ఇది ఈ బిడ్డది ఎట్లయితాది?" అన్నాడు డాక్టరు, తనలో తాను అన్నట్టు.

సరోజినీదేవి లేచి నిలబడింది. "నేనూ అదే అంటున్నాను డాక్టరుగారూ. ఆ బొమ్మ మా పిల్లది కాదు."

"అత్తయ్యా," అంది మాణిక్యం.

"నువ్వు మాట్లాడకు. లోపల ఇద్దరూ ఏం అనుకున్నారో నాకు అర్థం కాదనే కదా కన్నడంలో అనుకున్నారు. జబ్బు లేనివాళ్ళ బొమ్మ ఏదో తెచ్చి పెట్టారు."

ఎర్రిస్వామి చేతులు తుడుచుకుంటున్నవాడల్లా ఆగాడు. "ఏందమ్మా ఆ మాట? పొద్దున్నించి నేను ఇంగొకరికి ఫిల్మే తీయలేదు. మార్చనీకి ఇంగొకటి యాడుండాది? మా అత్తదా?"

"మరి ఆ నవ్వులేమిటి?"

"ఊపిరి బిగబట్టల్ల అని చెప్తి. పాపకి వినపడలే. వాళ్ళమ్మ బుగ్గలు పూరించి చూపిచ్చె. ఆమె మొగం చూసి పాప నవ్వె, పాప నవ్వితే ఫిల్ము చెడిపాయ, ఫిల్ము చెడితే వాళ్ళమ్మ నవ్వె. నేనొక్కడినే నవ్వలేదు, ఫిల్ము నాది కాబట్టి."

సరోజినీదేవి అతని వైపు చూడలేదు. ఇంత దూరం వచ్చాక మాట వెనక్కి పోదు.

"డాక్టరుగారూ, మీకు తెలియాల్సింది ఒకటుంది. ఈ నా కోడలి తండ్రి నాకు స్వయానా అన్న. టి.బి.లో పోయాడు. నాకు చెప్పకుండా దాచారు. దాచి దీన్ని నా ఇంటికి పంపారు."

విరూపాక్షయ్యగారి ముఖం మారింది. ఫిల్ము బల్ల మీద పెట్టేశాడు. "టి.బి. ఉన్నిందా ఇంట్లో? ఆ మాట ముందు గదా చెప్పాల్సింది." మాణిక్యం వైపు తిరిగాడు. "నిజమేనా?"

మాణిక్యం ముఖంలో నెత్తురు చుక్క లేదు. "మా నాన్న పరంజా జారి పడి పోయాడండీ. నేను అక్కడే ఉన్నాను."

"అలాగని చెప్పుకున్నారు," అంది సరోజినీదేవి. "అన్నయ్య కింద పనిచేసినవాడి పెళ్ళాం నోటితో విన్నాను నేను."

"ఏమంది? ఉన్నది ఉన్నట్టు చెప్పండత్తయ్యా."

"టి.బి.లోనే పాయ, అంది."

ఆ గదిలో ముందుగా కదిలింది ఎర్రిస్వామి. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. డాక్టరు నుదుటి అద్దం విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"అమ్మా, మీరు కృష్ణాజిల్లా నుంచి ఈ మధ్యనే వచ్చినారు కదా?"

"అవును."

"మీ అన్న యాడ పని చేస్తాండె?"

"తుంగభద్ర ఆనకట్ట మీద."

"దానికి ఇంగ్లీషు అక్షరాలు పొట్టిగా చేసి ఈడ అందరూ ఏమంటారో తెలుసునా? టి.బి. అంటారు. టి.బి. డ్యాం, టి.బి. బోర్డు. మా మామ టి.బి.లో హెడ్ క్లర్కుగా చేసినాడు. డెబ్బై ఏండ్లు ఉండాయి, రాయట్ల ఉండాడు."

"మా ఇంటామె పుట్టిందే టి.బి.లో సార్," అన్నాడు ఎర్రిస్వామి తువ్వాలు తీయకుండానే. "దినామూ నన్ను తిడతాది. ఒక తూరి కూడా దగ్గదు."

టి.బి.లో పాయ. డ్యాము దగ్గర పోయాడు. పంపమ్మ అంత మాత్రమే అంది.

సరోజినీదేవి మెల్లగా కూర్చుంది. అన్న ఒక్కసారే పోయాడు, రాళ్ళ మీద పడి, క్షణంలో. ఈ వారమంతా తాను ఆయన్ను పొద్దూ మాపూ మంచాన పడుకోబెట్టి, నెత్తురు కక్కించి, మళ్ళీ మళ్ళీ చంపుతూ వచ్చింది. మాణిక్యం వైపు చూడాలనుకుంది. ఆవిడ చూపు పిల్ల పాదాల దగ్గరే ఆగిపోయింది.

డాక్టరు పిల్లను దగ్గరికి తీసుకున్నాడు. గొట్టం ఎడమవైపు పెట్టి విన్నాడు. కుడివైపు పెట్టి విన్నాడు. చాలాసేపు విన్నాడు. అప్పుడు సరోజినీదేవి చెయ్యి అడిగి తీసుకుని, పిల్ల రొమ్ము మీద కుడివైపున ఆనించాడు.

"తెలుస్తాండాదా?"

తెలుస్తోంది. గుప్పిట్లో పట్టుకున్న పిట్టలా, అరచేతి కింద.

"ఫిల్ము ఎర్రిస్వామి తిరగేయలేదు. దేవుడే తిరగేసినాడు. గుండె కుడి తట్టు ఉండాది. దాంతో భయం లేదు, ఆ పక్కనుండి కూడా అది బాగానే కొట్టుకుంటాది. కానీ ఇట్లా గుండె తిరగబడిన బిడ్డల్లో కొందరికి ముక్కు, చెవి, ఊపిరితిత్తులు మూడూ పుట్టుకతోనే చెడి ఉంటాయి. లోపల చేరిన చీమిడి బయటికి రాదు. ఎందుకు రాదో ఇంకా ఎవరికీ తెలీదు. చదివినా గానీ, కంటితో చూసేది ఇదే మొదులు నాకు."

"అంటుతుందా?" అంది మాణిక్యం.

"ఇదే అయితే అంటదు. ఈ బిడ్డ పక్కన కూర్చుంటే ఏ బిడ్డకీ ఏమీ కాదు." ఫిల్ము మళ్ళీ ఎత్తాడు. "కానీ తిత్తి అడుగున ఒక మచ్చ ఉండాది. ఈ జబ్బులోనూ అట్లాంటి మచ్చ వస్తాది, క్షయలోనూ వస్తాది. మేనరికమా మీది?"

"అవునండీ."

"ఇది రెండు పక్కలా దాగి ఉండి, కలిసినప్పుడు బయటపడతాదంటారు. ఒకే ఇంట్లో ఇద్దరికి ముగ్గురికి వస్తాది. ఆలోచించి చెప్పండి. మీ వంశంలో ఇట్లా పుట్టినప్పటి నుంచీ జలుబు, చెవి కారడం ఉన్న బిడ్డ ఇంగొకరు ఉన్నారా? ఉంటే నాకు అనుమానం తీరిపోతాది. అంటురోగం కాదని ఇప్పుడే రాసిస్తా. లేకుంటే కళ్ళె పరీక్షలన్నీ తేలేదాకా బిడ్డను క్షయ వార్డులో పెట్టాల్సి వస్తాది. ఆడికి తల్లిని రానీరు."

"లేరు," అంది సరోజినీదేవి.

డాక్టరు ఆవిడ వైపు చూశాడు. "అంత బిరబిరా చెప్పినారే."

"లేరండీ. మా ఇళ్ళల్లో ఎవరూ లేరు."

మాణిక్యం ఏదో అనబోయి, అత్తగారి ముఖం చూసి మానేసింది. పిల్ల ముగ్గురి పెదవులనూ మార్చి మార్చి చూస్తోంది. వాటిలో ఎంత పట్టుకుందో ఎవరికీ తెలియదు.

"సరే. బయట కూర్చోండి. వార్డుకు చీటీ రాస్తా," అన్నాడు డాక్టరు.

వరండాలో కింద బజారు రొద పైకి వినిపిస్తోంది. పిల్ల కటకటాల్లోంచి కింద బట్టల మూటలు దించుతున్న బండిని చూస్తూ నిలబడింది. మాణిక్యం అత్తగారి పక్కన కూర్చుంది. ఇంతసేపు కోడలిని తాను చూసిన చూపే, ఇప్పుడు కోడలి కళ్ళల్లో కనబడుతోంది.

"అత్తయ్యా, మీరు అన్న మాటకు నాకు కోపం లేదు," అంది మాణిక్యం. "మా నాన్న ఎలా పోయాడో మీకు తెలిసింది, అది చాలు. ఒక్కటి అడుగుతాను. డాక్టరుగారు అడిగినప్పుడు మీ పెద్దమ్మాయి సుబ్బరత్నం వదిన సంగతి ఎందుకు చెప్పలేదు?"

సరోజినీదేవి తల తిప్పలేదు. "ఎవరు చెప్పారు నీకు?"

"నాన్నే. ఎప్పుడైనా పొద్దుగూకేవేళ ఒక్కడే కూర్చుని అనేవాడు. నా చెల్లెలికి కొడుకు కంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టింది, చెవిలో దూదితోనే తిరిగేది, చిన్నప్పుడే పోయింది అని. మీ అబ్బాయికి కూడా తెలియదు. నేనూ చెప్పలేదు. మీరు చెప్పనిది నేనెందుకు చెప్పాలి? అందుకే పిల్ల గ్లాసు వేరుగా పెట్టేదాన్ని. అది ఏ జబ్బో తెలియక."

కింద బండివాడు ఎవరినో తిట్టాడు. పిల్ల దగ్గింది. వంగి, కటకటాలు పట్టుకుని, ఆ చిన్న ఒళ్ళంతా కుదించుకుని దగ్గింది. మాణిక్యం కొంగుతో దాని మూతి తుడిచి, తుడిచిన కొంగు మడిచి పట్టుకుంది.

"పోయిన వదినకు ఇప్పుడు పరువు ఎక్కడిది అత్తయ్యా? ఉన్నదాన్ని నాకు దూరం చేయకండి. మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

సరోజినీదేవి లేచింది. మెట్ల వైపు వెళుతుందేమో అనిపించింది మాణిక్యానికి. ఆవిడ గది తలుపు తోసింది.

విరూపాక్షయ్యగారు రాస్తున్న కలం ఆపాడు.

"నాకు ఒక ఆడపిల్ల పుట్టింది డాక్టరుగారూ. మొదటి కాన్పు. ఈ పిల్లలాగే పుట్టగానే ముక్కు బిగిసింది. చెవి కారేది. పొద్దున్నే ఇలాగే దగ్గేది. మంత్రసాని చెయ్యి పెట్టి చూసి, గుండె కుడివైపు కొట్టుకుంటోందని చెప్పింది. ఎవరితోనూ అనవద్దని దాన్ని బతిమాలుకున్నాను. ఇంటికి అరిష్టం అంటారని."

డాక్టరు రాస్తున్న చీటీని రెండుగా చింపాడు. "ఇంగేం కావాలమ్మా. ఈ బిడ్డది క్షయ కాదు. ఇది మీ ఇంటి నుంచే వచ్చింది." కొత్త కాగితం ముందుకు లాక్కున్నాడు. తలుపు దగ్గర మాణిక్యం పిల్లను పొత్తికడుపుకు అదుముకుని నిలబడింది. తల్లి కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచడం లేదు.

"ఇది కూడా రాసుకోవాల," అన్నాడు డాక్టరు. "ఆ బిడ్డ ఏ వయసులో పోయింది? దేంతో పోయింది?"

సరోజినీదేవి చింపిన చీటీ ముక్కలు రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"అమ్మా?"

"మా అన్నయ్యకు అలాగే చెప్పాను. ఊళ్ళోనూ అలాగే చెప్పాను. పోయింది అన్నాను. విన్నవాళ్ళు ఏం అనుకోవాలో అది అనుకున్నారు." ఆవిడ కళ్ళెత్తి మొదటిసారి మాణిక్యం ముఖంలోకి చూసింది. "చచ్చిపోయిందని మాత్రం నేను ఎవరితోనూ అనలేదు."